402లో మొరిగే బుజ్జికి బహిరంగ లేఖ

బుజ్జీ,

నువ్వు చదవలేవని తెలుసు. అయినా బహిరంగ లేఖల తీరే అంత. ఎవరి పేరున రాస్తామో వాళ్ళు చదవరు, చుట్టుపక్కలవాళ్ళు చదువుతారు. ముఖ్యమంత్రులకు రాసే లేఖల సంగతీ ఇంతే. అందుకని దీన్ని లిఫ్టు పక్కన నోటీసు బోర్డుకు అతికిస్తున్నాను. అసోసియేషన్ సెక్రటరీగారు చదువుతారు. రోజూ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వుల కింద "ఆ కుక్క సంగతి తేల్చండి" అని రాసేవాళ్ళు చదువుతారు. మీ అమ్మ కూడా చదువుతుంది. కుక్కను తెచ్చుకున్నవాళ్ళు దానికి అమ్మానాన్నలైపోతున్న కాలం ఇది. ఆ అమ్మాయి నన్ను ఆంటీ అంటుంది కాబట్టి నీకు నేను అమ్మమ్మ వరస కావాలి. ఆ చుట్టరికం నేనింకా ఒప్పుకోలేదు.

ముందు ఫిర్యాదు. మీ 402కీ మా 401కీ మధ్య ఉన్నది ఒక్క నాలుగంగుళాల గోడ. మంగళ, బుధ, గురువారాలు మీ అమ్మ ఆఫీసుకు వెళ్ళే రోజులు. తొమ్మిది దాటాక తాళం పడుతుంది. లిఫ్టు గ్రిల్ మూసిన చప్పుడు ఆగిందో లేదో నువ్వు మొదలుపెడతావు. ముందు సన్నగా కుంయ్ కుంయ్. తర్వాత గోళ్ళతో తలుపు గీరడం. ఆపైన మొరుగుడు, మధ్యమధ్యలో మోర ఎత్తి తీసే ఊళ. కుక్క ఏడిస్తే కీడు అనుకునే రెండో అంతస్తు మామ్మగారు ఊళ వినపడ్డప్పుడల్లా రామ రామ అంటారు. పాపం ఆవిడకు ఇప్పుడు నామజపం బాగా పెరిగింది.

నా పని హిందీ సీరియళ్ళకు తెలుగు మాటలు రాయడం. తెరమీద అత్తగారి పెదాలు ఎక్కడ కలిస్తే అక్కడ నా మాటలో పకారమో, బకారమో, మకారమో పడాలి. పడకపోతే డబ్బింగ్ థియేటర్లో ఆర్టిస్టు ఆగిపోతుంది, నాకు ఫోనొస్తుంది. అందుకని ప్రతి ముక్కా పైకి చదువుకుంటూ, వీడియో వెనక్కి తిప్పి వింటూ రాయాలి. కోడలు గొంతు వణికిస్తూ మొగుణ్ణి నిలదీసే చోట గోడ అవతలి నుంచి నువ్వు అందుకుంటావు. నీ ప్రతి మొరుగూ పెదాలు కలిపే అక్షరంతోనే మొదలవుతుంది కాబట్టి ఏ పాత్రకైనా చక్కగా అతుకుతుంది. నిర్మాతలు ఒప్పుకోవడం లేదు.

నాదైతే పనే పాడవుతోంది. కింద 302లో ఉండే నర్సమ్మ రాత్రి డ్యూటీ చేసి వచ్చి పొద్దున పడుకుంటుంది. 403లో చంటిబిడ్డ ఉన్నాడు. ఐదో అంతస్తులో ఒక పిల్లవాడు జేఈఈకి చదువుతున్నాడు. వీళ్ళెవరికీ కుక్కలంటే పగ లేదు. గ్రూపులో వాళ్ళు రాసిన మాటలు పరుషంగా ఉంటే, నిద్ర చాలని మనిషి మాటలు అవి అని చదువుకోవాలి.

ఇంతకీ ఈ బిల్డింగులో నీ మొరుగుడు విననిది ఒక్క మీ అమ్మే. ఆమె ఇంట్లో ఉన్నంతసేపూ నువ్వు నోరెత్తవు. సాయంత్రం తలుపు తీసేసరికి ఒళ్ళంతా తోకై ఊగిపోతూ ఎదురెళ్తావు. "మా బుజ్జి చాలా కామ్ ఆంటీ" అని ఆమె అంటే మొన్నటి మీటింగులో కొందరు మొహాలు చూసుకున్నారు. ఆమె అబద్ధమాడలేదు. తను లేకపోవడం వల్లే పుట్టే చప్పుడు తనకెలా వినపడుతుంది? దానికి సాక్షులం మేమే. నీ రోగం తాలూకు రికార్డంతా మా చెవుల్లో ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని తిట్టడానికే వాడుతున్నాం. వైద్యానికి వాడదామని అడగడానికే ఈ లేఖ.

నేను చెవి పెట్టి బతికేదాన్ని కాబట్టి విన్నది చెబుతాను. కొరియర్ కుర్రాడు మెట్లెక్కితే నువ్వు మొరిగేది లావు గొంతుతో, గరగరగా, ఊపిరి తిప్పుకోకుండా. అతను వెళ్ళిపోగానే ఆపేస్తావు, గెలిచినట్టు. మీ అమ్మ వెళ్ళాక మొరిగేది వేరు. సన్నని గొంతు, ఒక్కో మొరుగుకూ మధ్య ఎడం. జవాబు కోసం ఆగి, రాకపోతే మళ్ళీ పిలిచినట్టు ఉంటుంది. ఇది నా కల్పన కాదు. 2005లో వెలువడిన ఒక అధ్యయనం కోసం బుడాపెస్ట్‌లో పీటర్ పోంగ్రాట్స్ అనే శాస్త్రవేత్తా ఆయన సహచరులూ ముడి అనే జాతి కుక్కల మొరుగుళ్ళు రికార్డు చేసి మనుషులకు వినిపించారు. కొత్తవాడు వచ్చినప్పటిది ఏది, ఆడుకునేటప్పటిది ఏది, ఒంటరిగా చెట్టుకు కట్టేసినప్పటిది ఏది అని అడిగారు. గుడ్డిగా చెబితే కుదిరేదానికన్నా జనం చాలా మెరుగ్గా పోల్చారు. కుక్కను ఎప్పుడూ పెంచనివాళ్ళూ ఇంచుమించు అంత బాగానే చెప్పారు. అంటే గ్రూపులో నిన్ను తిడుతున్నవాళ్ళకు కూడా నీ గొంతులో ఏముందో వినపడుతూనే ఉంది. పేరే తప్పు పెడుతున్నారు. పొగరు అంటున్నారు. అది భయం.

గ్రూపులో వచ్చిన తీర్పులు నీకు తెలియవు కదా, చెబుతాను. మొదటిది: అసోసియేషన్ తీర్మానం చేసి కుక్కల్ని నిషేధించాలి. అది కుదరదు. మెజారిటీ ఓటుతోనైనా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. లిఫ్టు ఎక్కనివ్వం అనడమూ కుదరదు. మొరగడం కుక్క స్వభావం, దాన్ని ఓర్చుకోవాలి అని కూడా అందులోనే ఉంది. అయితే మీ అమ్మ అక్కడితో చదవడం ఆపకూడదు. ఎడతెగని మొరుగుడు ఇరుగుపొరుగును ఇబ్బంది పెడుతుంది, ముఖ్యంగా రాత్రిపూట కుక్కను నిశ్శబ్దంగా ఉంచుకోవాలి అన్న మాట ఆ వెంటనే ఉంది. ఆ పేరాలో మా వాటా అది.

రెండోది: నిన్ను తెచ్చిన వీధిలోనే మళ్ళీ వదిలెయ్యాలి. అదీ కుదరదు. 2025 ఆగస్టు 22న వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు, జంతుప్రేమికులు మునిసిపల్ అధికారులకు దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కల్ని దత్తత తీసుకోవచ్చని చెబుతూనే, వాటిని మళ్ళీ వీధికి చేరనివ్వకుండా చూసుకునే బాధ్యత వాళ్ళ మీదే పెట్టింది. అదే నెలలో మన జీహెచ్ఎంసీ బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. నువ్వు మేళాలో వచ్చినదానివి కాకపోవచ్చు, మిర్చిబజ్జీ బండి కింద నీళ్ళలో వణుకుతూ దొరికినదానివే కావచ్చు. ఇంట్లో అన్నం పెట్టి, మంచం ఎక్కించి, మనిషిని అలవాటు చేసి తిరిగి రోడ్డు మీద వదిలితే నీకు ఆ రోడ్డూ ఉండదు, ఈ ఇల్లూ ఉండదు.

మూడోది: బాల్కనీలో కట్టెయ్యాలి. మొరుగుడు ఇంకా బాగా వినపడటం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా కుక్కను ఎప్పుడూ కట్టేసో, ఇరుకులో బంధించో ఉంచి తగినంత తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. నాలుగోది ఎవరూ గ్రూపులో రాయలేదు, మెట్ల దగ్గర గొంతు తగ్గించి అన్నారు. వాళ్ళకు భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ గుర్తు చేస్తున్నాను. జంతువుకు విషం పెట్టి చంపినా, పనికిరాకుండా చేసినా అయిదేళ్ళ దాకా జైలు. ఆ మాట మళ్ళీ నా చెవిన పడితే నోటీసు బోర్డుకు అతికించేది ఉత్తరం కాదు, కంప్లయింటు కాపీ.

నన్నయగారి ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్క ఫిర్యాదు ఉంది బుజ్జీ. జనమేజయుడు యాగం చేస్తుంటే దేవలోకపు శునకం సరమ కొడుకు అటు వచ్చాడు. హవిస్సు ముట్టలేదు, కనీసం దానివైపు చూడలేదు. అయినా రాజుగారి తమ్ముళ్ళు కొట్టారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయాడు. తల్లి నేరుగా వచ్చి, తప్పు చేయని పిల్లవాణ్ణి ఎందుకు కొట్టారని అడిగింది. అక్కడ ఒక్కరూ జవాబివ్వలేదు. అప్పుడు సరమ పెట్టిన శాపం చావూ కాదు, రాజ్యనాశనమూ కాదు. కారణం కనపడకుండా భయాలు వచ్చి మీద పడతాయి అంది. ఎవరికైనా ఇవ్వదగ్గ శిక్షల్లో అంతకన్నా పెద్దది ఆ తల్లికి తోచలేదు. రాజు హడలిపోయి శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ పోయాడు. తొమ్మిది దాటాక నీ మీద పడేది సరిగ్గా ఆ బాపతు భయమే. శాపం మనుషులకు, అనుభవిస్తున్నది నువ్వు.

నీ వైపు నుంచి చూస్తే మరీ అకారణమూ కాదు. వీధిలో ఆకలి ఉంది, రాళ్ళు ఉన్నాయి, కార్లు ఉన్నాయి, కానీ తాళం వేసిన తలుపు లేదు. ఎటు పోవాలనిపిస్తే అటు పోవచ్చు. పక్కన ఎప్పుడూ ఇంకో కుక్క. మనిషి అవసరం నీకు బిస్కెట్ దగ్గర ఆగిపోలేదని కూడా తేల్చారు. ఐసర్ కోల్‌కతా అనే విజ్ఞాన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీద ఏళ్ళ తరబడి పని చేస్తోంది. 2017లో వాళ్ళు ప్రచురించిన ఒక అధ్యయనంలో, ముక్కూ మొహం తెలియని మనిషిని కుక్క నమ్మేలా చేయడంలో పదేపదే పెట్టిన తిండి కన్నా పదేపదే తల నిమరడమే ఎక్కువ పనిచేసిందని తేలింది. నీకు నిమిరే చెయ్యి ఒక్కటే దొరికింది. అది పొద్దున తాళం వేసి వెళ్ళిపోతుంది. సాయంత్రం తిరిగొస్తుందని నీకు చెప్పే భాష ఏదీ లేదు.

చెప్పే పద్ధతి మాత్రం ఉంది. ఇక్కడి నుంచి మీ అమ్మ జాగ్రత్తగా చదవాలి.

మొదట, పాత ఫోనొకటి హాల్లో పెట్టి రికార్డింగ్ ఆన్ చేసి వెళ్ళమ్మా. వెళ్ళిన కొద్ది నిమిషాల్లోనే గోల మొదలై, చొంగ కార్చుకుంటూ తలుపు చుట్టూ తిరుగుతుంటే అది ఒంటరి భయం. మధ్యాహ్నం దాకా పడుకుని, కొరియర్ వచ్చినప్పుడే లేచి మొరిగితే అది కాపలా. ఊరికే చెప్పులు కొరుకుతూ అప్పుడప్పుడు మొరిగితే విసుగు. మూడింటికీ మందు వేరు. ఇంకో పరీక్ష ఉంది. రబ్బరు బొమ్మలో పెరుగన్నం కుక్కి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పెట్టి వెళ్ళు. విసుగు పుట్టిన కుక్క దాంతో గంటసేపు కుస్తీ పడుతుంది. భయపడ్డ కుక్క ముట్టదు. నువ్వు వచ్చాక తింటుంది.

తర్వాత, బుజ్జికి నీ ప్రయాణం తాళంతో మొదలవదు. ఐడీ కార్డు మెడలో వేసుకున్నప్పుడే, ల్యాప్‌టాప్ బ్యాగు జిప్పు లాగినప్పుడే దాని గుండె జారుతుంది. సెలవు రోజున జిప్పు లాగి కూర్చుని టీ తాగు. తాళాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళు. ఆ చప్పుళ్ళకు అర్థం పోయేదాకా చెయ్యాలి.

ఆపైన అసలు చదువు. పూర్వం బావిలో ఈత నేర్పేవాళ్ళు పిల్లవాడి నడుముకు బెండు కట్టి మెట్టు తర్వాత మెట్టు దింపేవాళ్ళు. ఇదీ అంతే. తలుపు వేసి, అది భయపడేలోపే తీసి లోపలికి రా. కొన్ని సెకన్లు చాలు. అది నిమ్మళంగా ఉంటేనే కాస్త పెంచు, మధ్యమధ్య తగ్గించు కూడా. రోజురోజుకూ కష్టమే పెరుగుతుందని దానికి తెలిసిపోకూడదు. మెట్టు మెట్టుకూ ఎంత కాలం పడుతుందో కుక్కే నిర్ణయిస్తుంది, నీ మేనేజర్ కాదు. వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. ఈ చదువు సాగినన్నాళ్ళూ అది ఓర్చుకోగలిగినదానికన్నా ఎక్కువసేపు ఒంటరిగా వదలకూడదు. పొద్దున అరనిమిషం నేర్పి, తర్వాత తొమ్మిది గంటలు వదిలేస్తే నేర్పింది గంగపాలు. అన్నిటికన్నా కష్టం ఇదే. ఒక్కదానివల్ల కాదు. అందుకే మిగతా బిల్డింగును కూడా ఈ ఉత్తరంలోకి లాగాను.

చెయ్యకూడనివి కొన్ని. మొరిగితే కరెంటు షాకిచ్చే పట్టీలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అవి నోరు మూయించగలవేమో, భయం తీయలేవు. భయానికి తోడు నొప్పి చేరుతుంది. మూతి తెరుచుకోకుండా గంటల తరబడి పట్టీ బిగించడం మన ఎండల్లో ప్రాణానికే ముప్పు. కుక్క నాలుక చాపి రొప్పితేనే ఒళ్ళు చల్లబడుతుంది. బోనులో పెట్టి మూస్తే హడలిపోయిన కుక్క పళ్ళూ గోళ్ళూ విరగ్గొట్టుకుంటుంది. తోడుగా ఇంకో కుక్కను తెద్దామా అని అడిగావు. అది కోరుకునేది నిన్ను. రెండోదానివల్ల మేం రెండు గొంతులు వినాల్సి రావచ్చు.

నిద్రమాత్ర ఇవ్వమని సలహా ఇచ్చిన పెద్దమనిషికి కూడా ఒక మాట. మత్తు ఇస్తే కాళ్ళు కదలవు, లోపలి భయం కదలకుండా అక్కడే ఉంటుంది. మందులు లేకపోలేదు. కుక్కల ఒంటరి భయానికి అమెరికా ఔషధ సంస్థ 1998లో క్లోమిప్రమిన్‌ను, 2007లో ఫ్లూఆక్సెటీన్‌ను అనుమతించింది. అవి మత్తుమందులు కావు, పనిచేయడానికి వారాలు పడుతుంది, పైన చెప్పిన చదువుతో కలిపితేనే ఫలితం. పశువైద్యులు చూసి రాయాలి. మన ఇళ్ళలో మిగిలిన షీటులోంచి ఒకటి చింపి వెయ్యకూడదు.

ఇప్పుడు అసోసియేషన్‌కు. గ్రూపులో ఎర్ర మొహాల బొమ్మలు పెట్టే బదులు మూడు ముక్కలు రాయండి: ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు సాగింది, అప్పుడు కారిడార్‌లో ఎవరున్నారు. ఆ పట్టికకు డాక్టరు దగ్గర విలువ ఉంది, తిట్టుకు లేదు. లోపల అది ఏడుస్తుంటే బయటినుంచి తలుపు బాదకండి. భయపడ్డదానికి అది ఇంకో భయం. డెలివరీ కుర్రాళ్ళను 402 ముందు ఆగి ఫోన్లు మాట్లాడొద్దని వాచ్‌మన్‌తో చెప్పించండి. గీరిన తలుపుకు డిపాజిట్‌లోంచి డబ్బు కోసుకుంటానన్న ఇంటి ఓనరుగారూ, కోసుకోండి, అది న్యాయమే. ఖాళీ చెయ్యమని మాత్రం తొందర పెట్టకండి. ఈ భయం కొత్త ఇంట్లో తగ్గదు, తరచూ పెరుగుతుంది. అప్పుడు ఇంకో బిల్డింగువాళ్ళు ఇదే ఉత్తరం రాసుకోవాలి.

మీ అమ్మ ఇవ్వాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. కారుణ్యం ఆమెది, దాని ఖర్చు నర్సమ్మ నిద్రది అయితే లెక్క సరిపోదు. ఇంటింటికీ వెళ్ళి "మీకు ఎప్పుడు ఎక్కువ ఇబ్బంది?" అని తనే అడగాలి. నీ పరుపు వాకిలి పక్కనుంచి తీసి వెనక గదిలో వెయ్యాలి. తలుపు కింద సందు మూయాలి. కారిడార్ చప్పుళ్ళు వినపడకుండా ఫ్యానో, టీవీయో పెట్టి వెళ్ళాలి. టీవీ పెడుతోందని నాకు తెలుసు. మొన్న గోడకు చెవి ఆనిస్తే నేను రాసిన సీరియలే నడుస్తోంది. అత్తగారు తలుపు ధడేల్న వేసి వెళ్ళిపోయే ఘట్టం. నీ పరిస్థితిలో ఉన్నవాళ్ళకు చూపించదగ్గ సన్నివేశం కాదు. పాటల ఛానెల్ పెట్టమను.

ఇక నీతో ఒప్పందం. మంగళ, గురువారాల్లో నువ్వు మా ఇంట్లో ఉంటావు. బుధవారం మీ అమ్మ ఇంటి నుంచి పని చేయడానికి ఆఫీసును ఒప్పించుకోవాలి, లేదా నిన్ను డేకేర్‌లో దింపాలి. నా బల్ల కింద పడుకోవచ్చు, సోఫా ఎక్కకూడదు. కొరియర్‌కు రెండు మొరుగులు నీ హక్కు, సంక్షేమ మండలే ఒప్పుకుంది. అంతకుమించి సాగదీస్తే నేను లేచి వచ్చి తలుపు తీసి ఆ మనిషిని నీకు చూపిస్తాను, నువ్వు నోరు మూస్తావు. రాత్రి పది దాటాక కాపలా వాచ్‌మన్‌ది, నీది కాదు. ఇది దత్తత కాదు, నీ చదువు పూర్తయ్యేదాకా చేబదులు. అమ్మమ్మ అని పిలిపించే ప్రయత్నం ఎవరూ చేయవద్దు.

ఈ ఒప్పందం పనిచేస్తోందో లేదో తేల్చేది నేనూ కాదు, మీ అమ్మా కాదు. పొద్దున ఎన్నింటిదాకా పడుకోగలిగిందో 302 నర్సమ్మ ప్రతి వారం గ్రూపులో రాస్తుంది. ఆ అంకె పెరిగితే ఈ నోటీసు నేనే చింపేస్తాను. పెరగకపోతే మళ్ళీ మీటింగు పెడదాం. ఈసారి నిన్నూ పిలుద్దాం, మా మీద నీ ఫిర్యాదులు ఏమున్నాయో చెప్పుకుందువు గాని.

ఇట్లు,
గోడకు ఇవతలి 401